డక్ అంటే బాతేనా?

టీవీలో మ్యాచ్ వస్తోంది. షార్ట్ పిచ్ బంతి మొహం మీదికి దూసుకొస్తే బ్యాటర్ చటుక్కున వంగాడు. "డక్ చేశాడు, తప్పించుకున్నాడు" అన్నాడు కామెంటేటర్. ఇంకో రెండు బంతులయ్యాక అదే బ్యాటర్ స్టంప్స్ ఎగిరిపోయాయి. "డకౌట్!" అన్నాడు అదే కామెంటేటర్. పక్కన కూర్చున్న మా మేనల్లుడికి ఇది మింగుడుపడలేదు. "మామయ్యా, డక్ అంటే బాతు కదా? మొదటి బాతు వాణ్ణి కాపాడింది, రెండో బాతు ఇంటికి పంపింది. అసలు మధ్యలో ఈ బాతు ఎందుకు?"

వాడికి అప్పటికప్పుడు ఏదో చెప్పి తప్పించుకున్నాను. అంటే నేనూ డక్ చేశానన్నమాట.

నిఘంటువులో ఈ మాట తీస్తే తల తిరుగుతుంది. పక్షి, తల వంచడం, నీళ్ళలో ముంచడం, సున్నా, ఒక రకం గుడ్డ, యుద్ధంలో వాడిన లారీ, ప్రేమగా పిలిచే పిలుపు, అప్పు ఎగ్గొట్టినవాడు, దిగిపోబోయే అధ్యక్షుడు... అన్నీ వరసగా అంకెలేసి ఉంటాయి, ఒకే తల్లి పిల్లల్లాగా. నిజానికి వీటిలో కొన్నే ఆ పక్షి నుంచి పుట్టాయి. మిగతావి ఎక్కడెక్కడి నుంచో ఎగిరొచ్చి దాని పక్కన వాలినవి. ఏది ఏదో విడదీస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది.

ముందు పక్షి సంగతి. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో బాతుకు మామూలుగా వాడిన పేరు డక్ కాదు, 'ఎనెడ్'. జర్మన్‌లో ఇప్పటికీ బాతును 'ఎంటె' అంటారు, లాటిన్‌లో 'అనాస్' అనేవారు. ఇవన్నీ చుట్టాలే. అడవి బాతుల శాస్త్రీయ నామాల్లో ఆ అనాస్ ఇప్పటికీ కనిపిస్తుంది. మరి డక్ ఎక్కడిది? అది 'మునుగు, ముంచు' అనే అర్థమున్న ఒక పాత క్రియ నుంచి వచ్చింది. డక్ అంటే 'మునిగేది'. రానురాను ఈ మారుపేరే నిలిచింది, అసలు పేరు ఎనెడ్ మాసిపోయింది. అంటే బాతును చూసి తల వంచడానికి డక్ అనే పేరు పెట్టలేదు. మునగడం చూసి బాతుకే ఆ పేరు పెట్టారు. చాలామంది దీన్ని తలకిందులుగా ఊహించుకుంటారు.

ఇలా పేరు పెట్టడం మనకేమీ కొత్త కాదు. మన చెరువుల్లో చిన్న నీటిపిట్ట ఒకటి ఉంటుంది. చూస్తుండగానే బుడుంగున మునిగి, ఎక్కడో పది గజాల అవతల తేలుతుంది. దాని పేరు బుడబుంగ. మునుగుడు కోడి అని కూడా అంటారు. ఇంగ్లీషువాడు బాతుకు చేసిందే మనవాళ్ళు ఈ పిట్టకు చేశారు. కాకపోతే మనం చప్పుడు కూడా కలిపాం.

ఇందులో ఒక తమాషా ఉంది. పెంపుడు బాతుల్లో చాలా రకాలకు మూలం మల్లార్డ్ అనే అడవి బాతు. అది మేత కోసం పూర్తిగా మునగదు. తల నీళ్ళలో పెట్టి, తోక పైకెత్తి, సగం తలకిందులై తింటుంది. నిజంగా మునిగే బాతు జాతులు వేరే ఉన్నాయి. 'మునిగేది' అన్న పేరు మాత్రం సగమే మునిగే ఈ బాతుకు కూడా అతుక్కుపోయింది.

ఆ క్రియ తన దారిన తాను పెరిగింది. మొదట నీళ్ళలో మునగడం, ముంచడం. తరవాత నీళ్ళు లేకపోయినా తల చటుక్కున దించడం. ఆ తరవాత తల కూడా దించకుండా తప్పించుకోవడం: బాధ్యత, విలేఖరి ప్రశ్న, పన్ను. ఇక్కడ తెలుగుకూ ఇంగ్లీషుకూ ఒక తేడా నాకు భలే నచ్చుతుంది. ఇంగ్లీషు నాయకుడు ప్రశ్నను డక్ చేస్తాడు, అంటే కిందికి వంగి దాని కింద నుంచి జారుకుంటాడు. తెలుగు నాయకుడు ప్రశ్నను దాటవేస్తాడు, అంటే పైనుంచి గెంతుతాడు. ప్రశ్న మాత్రం రెండు చోట్లా అక్కడే ఉంటుంది.

ముంచడం అనే పాత అర్థం ఒక క్రూరమైన చోట మిగిలింది. ఇంగ్లండ్‌లో నోరుగల ఆడవాళ్ళనీ, గయ్యాళులనీ ముద్ర వేసి, పొడవాటి దూలం చివరన కుర్చీ బిగించి, అందులో కూర్చోబెట్టి చెరువులోనో ఏట్లోనో ముంచేవారు. దాని పేరు డకింగ్ స్టూల్. అమెరికా వలసల్లో కూడా వాడారు. ఇంగ్లండ్‌లో ఈ శిక్ష చివరిసారి అమలైనట్టు చెప్పేది 1809లో, లెమ్‌స్టర్ అనే పట్టణంలో. ఆ కుర్చీని అక్కడి చర్చిలో ఇప్పటికీ చూడొచ్చు. దీన్ని ఎవరైనా 'బాతుల బల్ల' అని అనువదిస్తే నవ్వొస్తుంది కానీ, ఆ శిక్ష అనుభవించినవాళ్ళకు అది నవ్వులాట కాదు.

ఇక డకౌట్. ఇది మాత్రం నిజంగా పక్షి నుంచే వచ్చింది, అయితే గుడ్డు మీదుగా వచ్చింది. స్కోరు పుస్తకంలో సున్నా బాతు గుడ్డులా కనిపిస్తుందని 1860ల నాటి ఇంగ్లండ్‌లో 'డక్స్ ఎగ్' అనడం మొదలుపెట్టారు. 1866లో వేల్స్ యువరాజు ఒక మ్యాచ్‌లో సున్నాకే ఔటయితే, రాకుమారుడు బాతు గుడ్డుతో రాజ పెవిలియన్‌కు తిరిగి వెళ్ళాడన్నట్టు ఒక పత్రిక రాసిందని క్రికెట్ చరిత్రకారులు తరచూ చెబుతారు. కొన్నాళ్ళకు గుడ్డు రాలిపోయి బాతు మిగిలింది. అమెరికావాళ్ళకు బాతు గుడ్డు చాల్లేదేమో, వాళ్ళు బేస్‌బాల్‌లో సున్నాను 'గూస్ ఎగ్' అంటారు, పెద్దబాతు గుడ్డు. మన బళ్ళలో లెక్కల మాస్టారు పేపరు తిరిగిచ్చేటప్పుడు అనే 'గుండు సున్నా'దీ ఇదే చూపు. 'నీకు కోడిగుడ్డు వచ్చిందిరా' అనే మాస్టార్లూ ఉండేవారు. గుడ్డు ఏ పక్షిదైనా మార్కులు మాత్రం అవే.

డకౌట్ అనే జంటమాట మన దేశంలోనే ఎక్కువ. ఇంగ్లండ్ పత్రికల్లో 'ఔట్ ఫర్ ఎ డక్' అని రాస్తారు. తొలి పరుగు తీస్తే 'డక్ బద్దలు కొట్టాడు' అంటారు, అంటే గుడ్డు పగిలిందన్నమాట. ఫుట్‌బాల్‌లో కొత్త క్లబ్బుకు మొదటి గోల్ చేసిన ఆటగాడికీ ఇదే మాట వాడతారు. మొదటి బంతికే ఔటయితే గోల్డెన్ డక్, ఒక్క బంతీ ఆడకుండానే రనౌట్ లాంటిది అయితే డైమండ్ డక్. రెండు ఇన్నింగ్స్‌లోనూ సున్నా అయితే పెయిర్. పక్కపక్కన రెండు సున్నాలు కళ్ళజోడులా ఉంటాయని దాన్ని ఒకప్పుడు 'కళ్ళజోడు జత' అనేవారు. పెయిర్ దాని పొట్టి రూపం. టెస్టుల్లో అత్యధికంగా 43 సార్లు సున్నాకు ఔటైన రికార్డు వెస్టిండీస్ బౌలర్ కోర్ట్నీ వాల్ష్‌ది. కానీ అన్ని సున్నాల్లోకీ ఖరీదైన సున్నా ఆస్ట్రేలియా బ్యాటర్ బ్రాడ్‌మన్‌ది. 1948 ఆగస్టు 14న ఓవల్ మైదానంలో చివరి టెస్టు ఆడుతూ ఎరిక్ హాలీస్ వేసిన రెండో బంతికే బౌల్డయ్యాడు. ఇంకో నాలుగు పరుగులు చేసి ఉంటే సగటు సరిగ్గా 100 అయ్యేది. 99.94 దగ్గర ఆగిపోయింది. ఆ ఆరు వందో వంతులు ఒక బాతు మింగేసింది.

'లేమ్ డక్' మాట అమెరికా ఎన్నికలప్పుడల్లా మన పేపర్లలోకి వస్తుంది. కొందరు 'కుంటి బాతు' అని మక్కీకి మక్కీ దించేస్తారు, పాఠకుడికి ఒక్క ముక్క అర్థం కాదు. దీని పుట్టిల్లు రాజకీయం కాదు, లండన్ షేర్ బజారు. 18వ శతాబ్దంలో ఎక్స్ఛేంజ్ ఆలీ అనే సందులో షేర్ల బేరాలు సాగేవి. ధర పెరుగుతుందని కొనేవాడు ఎద్దు, పడిపోతుందని అమ్మేవాడు ఎలుగుబంటి, ఇచ్చిన మాట ప్రకారం డబ్బు కట్టలేక దెబ్బతిన్న బాతులా ఊగుతూ సందులోంచి బయటికి నడిచేవాడు లేమ్ డక్. ఇంగ్లీషు రచయిత హొరేస్ వాల్పోల్ 1761లో ఒక స్నేహితుడికి ఉత్తరం రాస్తూ, ఎద్దు, ఎలుగు, కుంటి బాతు అంటే ఏమిటో నీకు తెలుసా అని అడిగాడు. ఆ మూడింటిలో మొదటి రెండూ మన బిజినెస్ పేజీల్లో బుల్, బేర్‌లుగా ఇప్పటికీ కొట్టుకుంటున్నాయి. మూడోది మాత్రం అట్లాంటిక్ దాటి రాజకీయాల్లోకి వెళ్ళిపోయింది.

అమెరికాలో ఎన్నిక నవంబరులో జరుగుతుంది. కొత్త అధ్యక్షుడు పదవిలోకి వచ్చేది పూర్వం మార్చి 4న. మధ్యలో నాలుగు నెలలు పాత అధ్యక్షుడే కుర్చీలో ఉంటాడు. అధికారాలన్నీ ఉంటాయి, మాట వినేవాడే ఉండడు. 1860 నవంబరులో లింకన్ గెలిచి, 1861 మార్చిలో ప్రమాణం చేసేలోపు ఏడు దక్షిణాది రాష్ట్రాలు దేశం నుంచి విడిపోతున్నామని ప్రకటించేశాయి. 1932 నవంబరులో హూవర్ ఓడిపోయాక రూజ్వెల్ట్ వచ్చేదాకా బ్యాంకులు ఒకదాని తరవాత ఒకటి మూతపడుతుంటే నిర్ణయం తీసుకునే దిక్కు లేకపోయింది. 1933లో అమల్లోకి వచ్చిన 20వ రాజ్యాంగ సవరణ ప్రమాణ స్వీకారాన్ని జనవరి 20కి జరిపింది. ఆ సవరణకు వాడుకలో పేరే 'లేమ్ డక్ సవరణ'.

దీన్ని తెలుగులో 'ఆపద్ధర్మ ప్రభుత్వం' అని అనువదించడం కూడా తప్పే. 2018 సెప్టెంబరు 6న తెలంగాణ శాసనసభ రద్దయ్యాక డిసెంబరులో ఫలితాలు వచ్చేదాకా కేసీఆర్ ఆపద్ధర్మ ముఖ్యమంత్రిగా ఉన్నారు. కానీ ఆయన దిగిపోతున్నారని ఎవరికీ ఖాయంగా తెలీదు, పైగా గెలిచి మళ్ళీ అదే కుర్చీలో కూర్చున్నారు. ఆపద్ధర్మంలో కుర్చీ ఉంటుంది, పెద్ద నిర్ణయాలు తీసుకోకూడదన్న కట్టుబాటు ఉంటుంది. లేమ్ డక్‌కు కట్టుబాటేమీ లేదు, వెళ్ళిపోయేవాడన్న సంగతి అందరికీ తెలియడమే అతని కుంటితనం. ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చి ఇంకా రిలీవ్ కాని ఆఫీసరును చూసినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఫైళ్ళు వస్తూనే ఉంటాయి, టీ మాత్రం ఆలస్యంగా వస్తుంది.

ఇక పక్షితో ఏ సంబంధమూ లేని డక్. డచ్ భాషలో గుడ్డను 'డూక్' అంటారు. జర్మన్‌లో అదే 'టూఖ్'. 17వ శతాబ్దంలో ఓడల వ్యాపారంతో పాటు ఆ మాట ఇంగ్లీషులోకి దిగి డక్ అయింది. గట్టి నేత కాన్వాస్ గుడ్డ అది. తెరచాపలు, గుడారాలు, నావికుల తెల్ల ప్యాంట్లు దాంతోనే కుట్టేవారు. ఆ ప్యాంట్లను 'డక్స్' అనేవారు. పాత ఇంగ్లీషు కథల్లో ఎవరైనా డక్స్ తొడుక్కుని వచ్చాడని చదివితే కంగారు పడకండి.

ఈ గుడ్డ దగ్గర మొదలైన ఒక తగాదా ఇంకా సాగుతోంది: అది డక్ టేపా, డక్ట్ టేపా? డక్ గుడ్డతో చేసిన పట్టీని డక్ టేప్ అనడం 1900 నాటికే ఉంది. ఇప్పుడు మనం చూసే జిగురు టేప్ కథ 1943లో మొదలైంది. ఇల్లినాయ్‌లో తూటాల పెట్టెలు ప్యాక్ చేసే కర్మాగారంలో వెస్టా స్టౌట్ అనే ఆవిడ పనిచేసేది. కొడుకులిద్దరూ నేవీలో ఉన్నారు. పెట్టెకు అంటించే కాగితం పట్టీ లాగితే చిరిగిపోతోంది, యుద్ధరంగంలో సైనికుడు తూటాల కోసం తంటాలు పడాలి. కాగితం బదులు నీళ్ళు పట్టని గట్టి గుడ్డ టేప్ వాడండని పైవాళ్ళకు చెప్పింది. పని జరగలేదు. ఏకంగా అధ్యక్షుడు రూజ్వెల్ట్‌కు బొమ్మ గీసి మరీ ఉత్తరం రాసింది. జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ ఆ టేప్ తయారుచేసింది. యుద్ధం అయ్యాక ఇళ్ళలో గాలి గొట్టాలకు, అంటే డక్ట్‌లకు చుట్టడానికి వెండి రంగులో వచ్చింది, డక్ట్ టేప్ అయింది. తీరా 1998లో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల రకరకాల టేపులను పరీక్షిస్తే, గాలి గొట్టాలను మూయడానికి అన్నింటికన్నా పనికిరానిది ఈ డక్ట్ టేపేనని తేలింది! దేనికి పేరు పెట్టారో దానికే పనికిరాకుండా పోయింది. ఈలోగా ఒక కంపెనీ బాతు బొమ్మ వేసి డక్ పేరునే బ్రాండ్ చేసుకుంది. డచ్ గుడ్డకు చివరికి రెక్కలు కూడా మొలిచాయి.

రెండో ప్రపంచ యుద్ధంలోనే ఇంకో డక్ ఉంది. నేల మీదా నీటి మీదా నడిచే లారీ అది. తయారీదారు సంకేతాక్షరాలు డీ, యూ, కే, డబ్ల్యూ. డీ అంటే 1942 నాటి నమూనా, కే అంటే ముందు చక్రాలకు కూడా ఇంజను బలం అందడం, ఇలా ఒక్కో అక్షరానికి ఒక్కో అర్థం. సైనికులు ఆ అక్షరాలు చూసి డక్ అనేశారు. బాతులాగే అటూ ఇటూ నడుస్తుంది కాబట్టి పేరు అతికినట్టు సరిపోయింది. నార్మండీ తీరంలో చాలా సరుకు దించింది ఇవే.

మన హైదరాబాద్ ఐటీ పిల్లల దగ్గర డక్ ఇంకో వేషం వేసింది. టేబుల్ మీద పసుపుపచ్చ రబ్బరు బాతు కనిపిస్తే అది ఇంట్లో పాప ఆటబొమ్మే అనుకోనక్కర్లేదు. కోడ్‌లో తప్పు దొరకనప్పుడు ఆ బాతుకు ఒక్కో లైనూ వివరించి చెప్పాలి. చెబుతుండగానే తప్పు తనంతట తానే బయటపడుతుంది. 1999లో వచ్చిన ఒక ప్రోగ్రామింగ్ పుస్తకంతో ఈ అలవాటుకు రబ్బర్ డక్ డీబగింగ్ అనే పేరు స్థిరపడింది. 'గోడకు చెప్పుకో' అని మనం విసుక్కుంటాం కానీ, గోడకు చెప్పుకున్నా పని అవుతుందన్నమాట, వరసగా చెప్పగలిగితే.

పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకునేవాళ్ళను తికమకపెట్టే డక్ టైపింగ్ వేరే. బాతులా నడిచి, బాతులా అరిస్తే అది బాతే అనే పాత సామెత దీనికి మూలం. జావా లాంటి భాష, వస్తువు ఏ జాతిదో ముందే రాసివ్వమంటుంది. పైథాన్ అడగదు. అడిగిన పని చేయగలిగితే చాలు. పెళ్ళి భోజనాల్లో సాంబారు బకెట్ పట్టుకుని వడ్డిస్తున్నవాణ్ణి 'నువ్వు మగపెళ్ళివారా, ఆడపెళ్ళివారా' అని ఎవరూ అడగరు. వడ్డిస్తున్నాడు కాబట్టి మనవాడే. సౌకర్యం అదే, ప్రమాదమూ అదే. 1739లో జాక్ ద వొకాన్సన్ అనే ఫ్రెంచి యంత్రకారుడు రాగి బాతును ప్రదర్శించాడు. అది రెక్కలాడించేది, గింజలు తినేది, రెట్ట కూడా వేసేది. పారిస్ జనం ముక్కున వేలేసుకున్నారు. తిన్న గింజలు ఒక అరలో ఉండిపోతున్నాయనీ, రెట్ట ముందే ఇంకో అరలో దాచిపెట్టిందనీ తరవాత తేలింది. రెక్కలాడించింది, తిన్నది, అయినా బాతు కాదు.

సామెతల్లో ఒక్కటి మాత్రం చెప్పుకోవాలి. విమర్శలు పట్టించుకోనివాడి గురించి ఇంగ్లీషులో 'బాతు వీపు మీద నీళ్ళలా' అంటారు. బాతు తోక మొదట్లో నూనె గ్రంథి ఉంటుంది. ముక్కుతో ఆ నూనె ఈకలకు రాసుకుంటుంది. ఈకల అల్లిక, నూనె కలిసి నీటిని నిలవనివ్వవు. దీన్ని తెలుగులోకి తేవాలంటే రెండు దారులున్నాయి, రెండూ రెండు దిక్కులకు పోతాయి. 'తామరాకు మీద నీటిబొట్టు' అంటే మనిషి వేదాంతి అయిపోతాడు. 'దున్నపోతు మీద వాన కురిసినట్టు' అంటే మొద్దు అయిపోతాడు. ఇంగ్లీషు బాతు ఈ రెండింటికీ మధ్యలో ఎక్కడో ఈదుతుంది. అందుకే ఈ మాట వచ్చినచోట అనువాదకుడు ముందు ఆ మనిషిని మెచ్చుకుంటున్నారా తిడుతున్నారా అని చూసుకోవాలి.

నాటింగ్‌హామ్, లెస్టర్, స్టోక్ లాంటి ఊళ్ళకు చదువుకోవడానికి వెళ్ళిన మన పిల్లలు మొదటి వారంలో ఖంగుతినే పిలుపు 'మీ డక్', అంటే 'మై డక్', నా బాతూ అని. బస్సు డ్రైవరూ, కిరాణా కొట్టు పెద్దావిడా అందరినీ అలాగే పిలుస్తారు. మన 'నాయనా', 'అమ్మా' లాంటిదే, వెక్కిరింపు కాదు. మనం పసిపిల్లను చిలకమ్మా అనడం లేదూ.

అన్నింటిలోకీ చిక్కుముడి బాంబే డక్. అది బాతు కాదు, చేప. మరాఠీలో బొంబిల్. మెత్తటి చేప, నీరు ఎక్కువ, అందుకే ముంబై, గుజరాత్ తీరాల్లో వెదురు దండేల మీద వరసగా వేలాడదీసి ఎండబెడతారు. ఎండినదాని వాసన ఫర్లాంగు దూరం వస్తుంది. ఆ వాసన మీదే ఒక కథ పుట్టింది: ఎండు చేపలను డాక్, అంటే టపా మోసే రైల్లో పంపేవారనీ, ఆ బాంబే డాక్ దొరల నోట్లో బాంబే డక్ అయిందనీ. వినడానికి భలే ఉంటుంది. కానీ మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు బోరీ బందర్ నుంచి ఠాణాకు నడిచింది 1853 ఏప్రిల్ 16న. బాంబే డక్ అనే మాట అంతకు ఎన్నో ఏళ్ళ ముందే ఇంగ్లీషు రాతల్లో ఉంది. రైలు పుట్టకముందే ఎక్కిన బాతు అన్నమాట.

ఈ చేప, ఆ గుడ్డు చివరికి ఒకే మనిషి దగ్గర కలిశాయి. 1999–2000లో ఆస్ట్రేలియా పర్యటనలో ముంబై బౌలర్ అజిత్ అగార్కర్ టెస్టుల్లో వరసగా అయిదు ఇన్నింగ్స్‌లో సున్నాకు ఔటయ్యాడు. ఊరు బాంబే, స్కోరు డక్. ఇంకేం, బాంబే డక్ అనే పేరు పడిపోయింది. రెండేళ్ళ తరవాత, 2002లో, లార్డ్స్ మైదానంలో అదే అగార్కర్ ఎనిమిదో నంబరులో దిగి 109 పరుగులతో నాటౌట్‌గా నిలిచాడు. లార్డ్స్‌లో సెంచరీ చేసినవాళ్ళ పేర్లు రాసే బోర్డు మీద అతని పేరుంది, సచిన్ పేరు లేదు. ఇది చెప్పగానే మా మేనల్లుడు "మరి ఇప్పుడాయన్ని ఏమంటారు?" అని అడిగాడు. నేను మళ్ళీ డక్ చేశాను.